ట్రెమొలో బార్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌ను సెటప్ చేసుకోవడం ఎలా?

ట్రెమొలో బార్ (బ్రిడ్జ్‌ను ఊపి స్వరాన్ని పైకీ కిందికీ మార్చే కడ్డీ) ఒకసారి నొక్కి వదలగానే గిటార్ శ్రుతి తప్పుతోందా? చాలామంది ట్యూనింగ్ కీలు పోయాయనుకుని కొత్తవి కొనేస్తారు. అసలు లోపం ఎక్కువగా రెండు చోట్ల ఉంటుంది: బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) సరిగ్గా తూగకపోవడం, నట్ (తలభాగం మొదట్లో తీగలు ఆనే చిన్న దిమ్మ) గాడిలో తీగ ఇరుక్కోవడం. రెండూ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా స్ట్రాటోకాస్టర్ రకం గిటార్ల గురించి. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన ఆ బ్రిడ్జ్ పద్ధతే ఇప్పటి తక్కువ ధర గిటార్లలోనూ తరచుగా కనిపిస్తుంది. తీగలను లాక్ చేసే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ వ్యవహారం వేరు.

ముందు అది పనిచేసే తీరు తెలియాలి. బ్రిడ్జ్ ముందు అంచు స్క్రూల మీద ఆని ఊగుతుంది. తీగలు దాన్ని ఒకవైపు లాగుతాయి, గిటార్ వెనక గుంటలో ఉన్న స్ప్రింగులు రెండోవైపు లాగుతాయి. ఇది త్రాసు లాంటిదే. అందుకే ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ కాస్త దిగిపోతాయి. ఇది అర్థమైతే సగం కంగారు తగ్గినట్టే.

కావలసినవి: ట్యూనర్, స్టార్ స్క్రూడ్రైవర్, అలెన్ కీలు, స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట), మెత్తటి పెన్సిల్, ఉబ్బెత్తు అంకెలు లేని పాత ఏటీఎం కార్డులు నాలుగు. కార్డుల సంగతి తర్వాత చెబుతాను.

1. తీగలు మార్చడం

అన్నీ ఒకేసారి తీసేయకండి. ఒకటి తీసి, కొత్తది వేసి, శ్రుతి చేశాకే రెండోదాని దగ్గరికి వెళ్లండి. అన్నీ మార్చాక ఒక్కో తీగను వేళ్లతో మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయండి. లాగినా శ్రుతి దిగకుండా నిలిచేదాకా ఇలా చేస్తూనే ఉండాలి. 9–42 సెట్ (అన్నిటికన్నా సన్న, లావు తీగల మందాలు) నుంచి ఇంకా లావైన 10–46కి మారితే లాగుడు పెరుగుతుంది కాబట్టి స్ప్రింగులు తప్పకుండా సరిచేయాలి.

2. నెక్ వంపు

లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. 8వ ఫ్రెట్ మీద తీగ కింద సుమారు 0.25 మి.మీ. సందు ఉంటే బాగున్నట్టే. సందు ఎక్కువైతే నెక్ లోపలి ఇనుప కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను కుడివైపు తిప్పి బిగించాలి, తక్కువైతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. గట్టిగా ఉండి తిరగకపోతే బలం పెట్టకుండా రిపేర్ తెలిసినవారికి చూపించండి.

3. బ్రిడ్జ్ తూకం

అసలు పని ఇదే, తొందరపడొద్దు. వెనక మూత తీస్తే స్ప్రింగులూ, అవి తగిలించిన లోహపు పట్టీ, దాన్ని చెక్కకు పట్టి ఉంచే రెండు పొడవైన స్క్రూలూ కనిపిస్తాయి. పట్టీకి అతికించిన వైరు ఊడకుండా చూసుకోండి. అది ఎర్త్ వైరు, ఊడితే స్పీకర్లో గుయ్‌మనే శబ్దం మొదలవుతుంది.

బ్రిడ్జ్ వెనక అంచుకీ గిటార్ ఒంటికీ మధ్య సుమారు 3 మి.మీ. ఎత్తు ఉండాలి. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., అంటే నాలుగు కలిపితే సరిగ్గా ఆ కొలత వస్తుంది. బార్ నొక్కితే వెనక అంచు లేస్తుంది, ఆ సందులోకి కార్డులు దూర్చి బార్ వదలండి. ఇప్పుడు పట్టీ స్క్రూలు రెండూ బిగిస్తే బ్రిడ్జ్ కార్డుల మీద గట్టిగా కూర్చుంటుంది. అప్పుడు ఆరు తీగలూ శ్రుతి చేయండి. బ్రిడ్జ్ కదలదు కాబట్టి ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడదు. తర్వాత స్క్రూలను మార్చి మార్చి అర చుట్టు చొప్పున వదులు చేస్తూ, ప్రతిసారీ కార్డులను మెల్లగా లాగి చూడండి. జారి చేతిలోకి వచ్చిన చోట ఆపేయండి.

ఒకసారి ట్యూనర్ చూడండి. ఆరు తీగలూ కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటే స్క్రూలు ఇంకొంచెం వదులు చేయాలి, తక్కువగా ఉంటే బిగించాలి. ఈ దశలో ట్యూనింగ్ కీలు ముట్టుకోవద్దు.

బార్‌ను పైకి లాగే అలవాటు లేనివారు పట్టీని బాగా బిగించి బ్రిడ్జ్‌ను ఒంటికి ఆనించేయవచ్చు. బార్ కిందికి మాత్రమే పనిచేస్తుంది కానీ, స్టేజీ మీద ఒక తీగ తెగినా మిగతావి శ్రుతిలోనే ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా ఇదే.

4. తీగల ఎత్తు, స్వరస్థానం

17వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు 1.6 మి.మీ. ఉంచి మొదలుపెట్టండి. శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) మీది రెండు చిన్న స్క్రూలతో ఎత్తు మార్చవచ్చు. తర్వాత 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటి, గంటలా మోగే స్వరం (హార్మోనిక్) వినండి, అక్కడే నొక్కి మళ్లీ మీటండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి, తక్కువగా ఉంటే నెక్ వైపు జరపాలి. జరిపిన ప్రతిసారీ శ్రుతి చేశాకే పోల్చి చూడండి.

5. రాపిడి తగ్గించడం

శ్రుతి చేస్తున్నప్పుడు నట్ దగ్గర టింగ్‌మని వినిపిస్తే అక్కడ తీగ ఇరుక్కుంటోందన్నమాట. తీగను పక్కకు తప్పించి గాడిలో పెన్సిల్‌తో రుద్దండి. తలభాగంలో సన్న తీగలను కిందికి నొక్కి ఉంచే చిన్న క్లిప్ అడుగున కూడా రుద్దాలి. చాలామంది దాన్ని మరచిపోతారు. బ్రిడ్జ్ ఆనే స్క్రూల దగ్గర చుక్క వాజెలిన్ రాస్తే చాలు.

ఇక రోజువారీ జాగ్రత్తలు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. ఎండాకాలం పోయి వానలు మొదలైనప్పుడు నెక్ వంపు మరోసారి కొలవండి. బార్ దాని రంధ్రంలో లటలటలాడుతుంటే మరలకు ప్లంబర్లు వాడే తెల్ల టేపు ఒక చుట్టు చుట్టి బిగించండి.