బెల్టు అంచు నున్నగా రాకపోతే: నా అనుభవం

తోలుతో నేను చేసిన మొదటి బెల్టు అంచును రెండు రోజులు రుద్దాను. నీళ్లు పెట్టాను, మైనం పెట్టాను, గుడ్డతో చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దాను. అయినా పీచు లేస్తూనే ఉంది. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దయ్యకు చూపించాను. ఆయన రంపెతో (తోలు కోసే కత్తితో) చివర కొద్దిగా కోసి, "లోపల నీలం రంగు చూసినవా బిడ్డా? ఇది క్రోమ్ తోలు. సంచులకు మంచిగుంటది, దీని అంచు నున్నగ కాదు" అన్నాడు.

తప్పు నా చేతిది కాదు, నేను కొన్న తోలుది. క్రోమ్ లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా, సాగేలా ఉంటుంది. చెట్ల బెరడు, కరక్కాయ లాంటి వాటితో ఊనిన, అంటే శుద్ధి చేసిన, తోలే నీళ్లు పెట్టి రుద్దితే గట్టిపడి మెరుస్తుంది. మన తంగేడు బెరడును కూడా పూర్వం నుంచి ఇందుకే వాడేవారు. కొనేముందు ఒక ముక్క మీద నీటి చుక్క వేయండి. పైన రంగు పూత లేని బెరడు తోలైతే చుక్కను పీల్చుకుని నల్లబడుతుంది. బెల్టుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం కావాలి.

పనిముట్లకు ఎక్కువ ఖర్చు వద్దు. మంచి రంపె, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె, రెండు మొద్దు సూదులు, మైనం పట్టించిన దారం చాలు. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకోండి. రెండు సూదులతో రెండు వైపుల నుంచీ కుడితే ఒక చోట దారం తెగినా మిగతా కుట్టు ఊడదు. తడి తోలు మీద మాత్రం ఇనుప వస్తువు పెట్టకండి, నల్ల మరకలు పడతాయి.