పాత జీపు, సొంత చెయ్యి – 4వ పాఠం: ప్రొపెల్లర్ షాఫ్టులు

కిందటి పాఠంలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె, ఆయిలు మట్టం చూసుకున్నాం. అక్కడి నుంచి ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఇరుసుకు ఒకటి వెళ్లే ఇనుప గొట్టాలు మీ కంట పడే ఉంటాయి. ఇరుసులను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టులు అవే. ఈ పాఠం వాటి గురించే.

బండి గతుకులో పడినప్పుడల్లా కమాన్లు (పట్టీ స్ప్రింగులు) ఊగుతాయి, ఇరుసు కదులుతుంది. దానితో మారే కోణాన్ని గొట్టం రెండు చివర్లలో ఉండే క్రాస్ జాయింట్లు సర్దుకుంటాయి. మారే పొడవును పళ్లు కోసిన స్లిప్ జాయింటు సర్దుకుంటుంది. క్రాస్‌కు నాలుగు కొమ్ములు, కొమ్ముకొక కప్పు, కప్పులో సూదుల్లాంటి సన్నని బేరింగులు. వాటికి గ్రీజే ప్రాణం.

మన డెల్టాలో ఈ జాయింట్లు తిరిగి అరిగేదానికన్నా నీళ్లు తాగి చెడేదే ఎక్కువ. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజుల్లో లంక దారుల్లో నీళ్లలో నుంచే బండి తీయవలసి వస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పునీటి బురద మరో బెడద. ఒక వరదకాలంలో మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చి, అలసిపోయి, గ్రీజు పని రేపు చూద్దామనుకున్నాను. ఆ రేపు నెల తర్వాత వచ్చింది. విప్పి చూస్తే వెనక క్రాస్‌లో సూదులు ఎర్రటి పొడిగా మారి ఉన్నాయి. అప్పటి నుంచి నీళ్లు దాటిన రోజునే గ్రీజు గన్ పడుతున్నాను. మీకూ అదే చెబుతాను.

కిందికి దూరే ముందు ఒక జాగ్రత్త, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పాత విల్లీస్ నమూనా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద ఉంటుంది. వెనక షాఫ్టు విప్పితే ఆ బ్రేకుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. బండి దొర్లుతుంది. అందుకని చదునైన నేల చూసుకుని, చక్రాలకు ముందూ వెనకా కొబ్బరి మొద్దులు గట్టిగా అడ్డం పెట్టాకే గేరు న్యూట్రల్ చేసి, బ్రేకు వదలండి.

మొదట షాఫ్టు గొట్టాన్ని శుభ్రం చేయండి. ఎండిన నల్లమట్టి ఒక పక్కన అంటుకున్నా బరువు తేడా వచ్చి, వేగంలో బండి వణుకుతుంది. నూర్పిళ్ల రోజుల్లో రోడ్ల మీద పరిచిన గడ్డి, చెరువులపై పక్షులకు అడ్డంగా కట్టే నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకుని ఆయిలు సీలును కోసేస్తాయి. కత్తితో జాగ్రత్తగా తీసేయండి.

ఇప్పుడు క్రాస్‌కు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పండి. తర్వాత పైకీ కిందికీ ఎత్తి చూడండి. గేర్ల ఖాళీ వల్ల షాఫ్టంతా కలిసి కొంచెం తిరగడం మామూలే. క్రాస్ దగ్గర మాత్రం కదలిక ఏ కొంచెమున్నా మార్చవలసిందే. కప్పుల చుట్టూ ఎర్రపొడి కనిపించినా అంతే. నెమ్మదిగా నడిచేటప్పుడు కిచకిచమంటే ఎండిన క్రాస్ అనుకోండి. రివర్స్‌లో క్లచ్ వదలగానే ఠంగుమంటే జాయింట్లలో ఎక్కడో ఖాళీ ఉందేమో వెతకండి.

గ్రీజు ఎక్కించే చిన్న మొన, అంటే నిప్పుల్, తుడిచాకే గన్ పెట్టండి, లేకపోతే ఇసుక లోపలికి పోతుంది. పాత గ్రీజు వెళ్లిపోయి, నాలుగు కప్పుల దగ్గరా కొత్తది బయటకు వచ్చేదాకా నొక్కండి. మూడు చోట్లే వస్తే నాలుగో కప్పు ఎండే ఉందని అర్థం. షాఫ్టును కొంచెం అటూ ఇటూ కదిపి మళ్లీ నొక్కండి. స్లిప్ జాయింటుకు మాత్రం సీలు దగ్గర గ్రీజు తొంగిచూడగానే ఆపండి. అతిగా నింపితే షాఫ్టు కుంచించుకోవడానికి చోటుండదు.

ముందు షాఫ్టును చాలామంది పట్టించుకోరు. ఫ్రీ హబ్బులు, అంటే ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే హబ్బులు, ఉన్న బండిలో అది నెలలపాటు కదలక, సూదులు ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి. నెలకోసారి హబ్బులు లాక్ చేసి, లివరు టూ వీల్‌లోనే ఉంచి కొన్ని కిలోమీటర్లు నడపండి.

షాఫ్టు విప్పవలసి వస్తే, ముందే స్లిప్ జాయింటు రెండు భాగాల మీదా పెయింటుతో ఒకే గీత గీయండి. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. గొట్టానికి రెండు చివర్లలో క్రాస్‌ను పట్టుకునే కవల కొమ్ముల్లాంటి యోకులు ఒకే వరసలో ఉంటేనే రెండో క్రాస్ ఆ తేడాను చెరిపేస్తుంది. తప్పు పన్నులో ఎక్కిస్తే బండి వణకడం మొదలవుతుంది, కొత్త క్రాస్ కూడా త్వరగా పోతుంది.

వచ్చే పాఠంలో వైస్‌తో పాత క్రాస్ తీసి కొత్తది ఎక్కిద్దాం. ఈలోగా మీ బండిలో ఎన్ని నిప్పుళ్లున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. మట్టి కింద ఒకటైనా దాగి ఉంటుంది.