రిమోట్ లేకుండా రేడియోలో టైము పెట్టడం ఎలా?

సమస్య: తెర మీద 12:00 కొట్టుకుంటోంది, రిమోట్ లేదు, టైము పెట్టే బటన్ కనబడదు

కరెంటు పోయి రావడంతో లోపలి గడియారం మొదటికొచ్చింది, అంతే. బటన్ చాలా వరకు పెట్టె మీదే ఉంటుంది. ఒకే బటన్‌కు రెండు పనులు అప్పగిస్తారు కాబట్టి కంటికి ఆనదు. రేడియో ఆపి, ప్లగ్గు మాత్రం తీయకుండా, బటన్ల కింద సన్నటి అక్షరాలు చూడండి. క్లాక్, టైమ్, సెట్, మెమరీ, మెనూ అనే పేర్లలో ఏదో ఒకటి గానీ, చిన్న గడియారం బొమ్మ గానీ ఉంటుంది.

దాన్ని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. గంటల అంకె మినుకుమంటే దారి దొరికినట్టే. ట్యూనింగ్ ప్లస్, మైనస్ బటన్లతో గానీ, ట్యూనింగ్ గుండీ తిప్పి గానీ గంట సరిచేయండి. మొదటి బటన్ మళ్లీ నొక్కితే నిమిషాలు వస్తాయి. అవీ సరిచేసి చివరిసారి నొక్కండి. కొన్ని సెట్లు ముందుగా 12 గంటల పద్ధతా, 24 గంటలదా అని అడుగుతాయి, ఇంకొన్ని సంవత్సరం, నెల, తేదీ అడుగుతాయి. కొద్ది సెకన్లు ఏమీ నొక్కకుండా ఊరుకుంటే చాలా సెట్లు పెట్టింది వదిలేసి వెనక్కి పోతాయి. ఎన్నిసార్లు పెట్టినా నిలవడం లేదనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

రేడియో ఆన్‌లో ఉండగా ఇదే బటన్ స్టేషన్‌ను దాచిపెట్టే పని చేయవచ్చు. అందుకే ఆపి ప్రయత్నించమనడం. అలా కుదరకపోతే ఆన్ చేసి మళ్లీ చూడండి.

ఎర్ర అంకెల పాత అలారం రేడియోల తీరు వేరు. వాటిలో టైమ్ బటన్‌ను ఒక వేలితో నొక్కే ఉంచి, రెండో చేత్తో అవర్, మినిట్ బటన్లు నొక్కాలి. వేలు తీస్తే అంకె కదలదు.

సెకన్లు కూడా కలవాలంటే ఫోన్‌లో నిమిషం ముగియబోతుండగా ఒక నిమిషం ముందుకు పెట్టి ఆగండి. ఫోన్‌లో సెకన్లు సున్నాకు రాగానే చివరి నొక్కు నొక్కండి. చాలా సెట్లలో లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. అంకెల పక్కనున్న చిన్న చుక్క ఏఎం, పీఎం గుర్తు. పొద్దున 5కి మోగాల్సిన అలారం సాయంత్రం 5కి మోగిందంటే ఈ చుక్కనే అనుమానించాలి.

సమస్య: ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

తెర మీద తాళం బొమ్మ ఉందా? ఉంటే పక్కనో వెనకో లాక్ లేదా హోల్డ్ అనే జారుడు స్విచ్ వెతకండి. అది లేకపోతే లాక్ బటన్‌నే కాసేపు నొక్కి పట్టుకోవాలి. తాళం లేకపోతే ప్లగ్గు తీసి, బ్యాకప్ బ్యాటరీ కూడా తీసి, ఐదు నిమిషాల తర్వాత పెట్టండి. దీంతో దాచుకున్న స్టేషన్లు పోవచ్చు, వాటి నంబర్లు ముందే రాసుకోండి.

ఒక్క బటన్ మాత్రమే మొరాయిస్తే దాని కింది చిన్న స్విచ్ అరిగినట్టు. మెకానిక్ పది నిమిషాల్లో మార్చేస్తాడు.

సమస్య: పెట్టె మీద బటన్లే లేవు, అంతా రిమోట్‌తోనే

బోస్ వేవ్ మ్యూజిక్ సిస్టమ్ ఈ కోవదే. దానికి రిమోట్ తప్పదు. అయితే రిమోట్ నిజంగా చచ్చిపోయిందో లేదో ముందు తేల్చుకోండి. ఫోన్ సెల్ఫీ కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కండి. ముందున్న బల్బు ఊదా రంగులోనో తెల్లగానో మెరిస్తే రిమోట్ బతికే ఉంది, లోపం రేడియో వైపుదై ఉండాలి. మెరవకపోతే కొత్త సెల్లు వేసి చూడండి. పలకలాంటి సన్నటి రిమోట్లలో ఎక్కువగా సీఆర్ 2025 లేదా సీఆర్ 2032 ఉంటుంది. పాతదాని మీద రాసి ఉన్న నంబరే కొనండి, మందం తేడా వస్తే గూట్లో కుదురుకోదు.

రిమోట్ పూర్తిగా పోతే ఇన్‌ఫ్రారెడ్ (రిమోట్ పంపే, కంటికి కనబడని కాంతి) ఉన్న ఫోన్‌తో ప్రయత్నించవచ్చు. షావోమీ ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉంది. రిమోట్ యాప్‌లో టీవీ కింద కాకుండా ఆడియో విభాగంలో మీ కంపెనీని వెతకాలి. బజారులో దొరికే ‘అన్ని టీవీలకూ’ రిమోట్ దండగ, రేడియో కోడ్లు దాంట్లో సాధారణంగా ఉండవు. రేడియో అడుగున స్టిక్కర్ మీది మోడల్ నంబర్ చూసి దానికే సరిపోయే రిమోట్ తెప్పించుకోవడం మేలు.

సమస్య: కరెంటు పోయిన ప్రతిసారీ టైము పోతోంది

బ్యాకప్ బ్యాటరీ అయిపోయింది, లేదా అసలు వేయలేదు. అడుగున చిన్న మూత తీస్తే పాత వాటిలో 9 వోల్టుల చదరపు బ్యాటరీ, కొత్త వాటిలో 3 వోల్టుల బటన్ సెల్లు ఉంటుంది. ప్లగ్గు పెట్టి ఉంచే సెల్లు మార్చండి, లేకుంటే ఉన్న టైము కూడా పోతుంది. 9 వోల్టుల రకాల్లో ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలావాటిలో తెర వెలగదు, గడియారం నాసిరకం లెక్కతో నడుస్తుంది. రెండు మూడు గంటల కోత తర్వాత నిమిషాల తేడా కనిపిస్తే అది లోపం కాదు, టైము సరిచేసుకుంటే చాలు.

సమస్య: అమెరికా నుంచి తెచ్చిన రేడియో గంటకు పది నిమిషాలు వెనకబడుతోంది

పిల్లలు పంపిన రేడియోలున్న ఇళ్లలో ఇది మామూలే. నేరుగా ప్లగ్గులో పెట్టే గడియారం రేడియోలు చాలావరకు కరెంటు తరంగాలను లెక్కపెట్టి టైము చెబుతాయి. అమెరికాలో సెకనుకు 60, మన దగ్గర 50. అరవై వస్తేగానీ సెకను అయినట్టు ఒప్పుకోదు కాబట్టి మన 24 గంటలు దానికి 20 గంటలే. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ 230ని 110 చేస్తుంది, ఈ 50ని మాత్రం ముట్టుకోదు. అందుకే టైము ఎన్నిసార్లు పెట్టినా లాభం లేదు.

అడుగున గానీ బ్యాటరీ గూట్లో గానీ 50/60 అనే స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే 50కి జరిపితే సరి. స్విచ్ లేకపోయినా లోపలి గడియారపు చిప్‌లో ఆ ఎంపిక తరచూ ఉంటుంది, బోర్డు మీద ఒక అతుకు మార్చి మెకానిక్ సరిచేయగలడు. ఇది మీరే విప్పి చేసే పని కాదు, కరెంటు వైపు బోర్డు అది. రెండూ కుదరకపోతే దాన్ని పాటలకే వాడుకుని, టైముకు వేరే గడియారం చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230లో పెడితే రేడియో కాలిపోతుంది, ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

సమస్య: ఇన్వర్టర్ లేదా జనరేటర్ మీద గడియారం పరుగెడుతోంది

కారణం పైదే, తిరగేసి. అపార్ట్‌మెంట్ జనరేటర్ 52 తరంగాలతో నడిస్తే గంటకు దాదాపు రెండున్నర నిమిషాలు ముందుకు పోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చిప్ అదనపు తరంగాలను కూడా లెక్కేసుకుని ఇంకా తొందరపడవచ్చు. ప్లగ్గును ఇన్వర్టర్ లైను నుంచి తీసి మామూలు లైనుకు మార్చి, బ్యాకప్ బ్యాటరీ వేయండి. విడి డీసీ అడాప్టర్‌తో నడిచే రేడియోల్లో గడియారానికి లోపల క్వార్ట్జ్ (సొంతంగా లెక్క చూసుకునే స్ఫటికం) ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ రాదు, నెలకు నిమిషం లోపు తేడా వస్తే వస్తుంది.

సమస్య: నిమిషాలు సరిగ్గానే ఉన్నాయి, గంటలు మాత్రం తప్పు, లేదా సరిగ్గా అరగంట తేడా

ఇంటర్నెట్ రేడియో టైమును నెట్ నుంచి తీసుకుంటుంది. మీరు చేత్తో మార్చినా కాసేపటికి మళ్లీ తన దారిన పోతుంది. మెనూలో టైమ్ జోన్‌ను ప్లస్ 5:30కి పెట్టి, డేలైట్ సేవింగ్ (కొన్ని దేశాల్లో వేసవికి గంట ముందుకు జరిపే పద్ధతి) ఆపేయండి. సరిగ్గా అరగంట తేడా ఉంటే 5 గానీ 6 గానీ ఎంచుకుని ఉంటారు.