హైడ్రోజన్ లైన్ కోసం ఎల్‌ఎన్‌ఏ: ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

పాలపుంతలోని హైడ్రోజన్ నుంచి వచ్చే 1420.4 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చాలా బలహీనం, కాబట్టి ఎల్‌ఎన్‌ఏను, అంటే తక్కువ నాయిస్ కలిపే ఆంప్లిఫయర్‌ను, యాంటెనా దగ్గరే బిగించండి. లెక్క చూడండి: 3 డీబీ నష్టమున్న కేబుల్, 6 డీబీ నాయిస్ ఫిగర్ (పరికరం తానుగా కలిపే నాయిస్‌కు కొలత, తక్కువైతే మేలు) ఉన్న రిసీవర్, 0.5 డీబీ నాయిస్ ఫిగర్, 20 డీబీ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఉన్న ఎల్‌ఎన్‌ఏ ఉన్నాయనుకుందాం. ఎల్‌ఎన్‌ఏను కేబుల్‌కు ముందు పెడితే మొత్తం నాయిస్ ఫిగర్ సుమారు 0.76 డీబీ, కేబుల్ తర్వాత పెడితే సుమారు 3.6 డీబీ. ఎంత ఖరీదైన ట్రాన్సిస్టర్ కొన్నా ఈ తేడాను పూడ్చలేదు. కరెంటును బయాస్ టీ (సిగ్నల్ వెళ్లే కేబుల్‌లోకే డీసీ కరెంటును కలిపే చిన్న సర్క్యూట్) ద్వారా అదే కేబుల్‌లో పైకి పంపవచ్చు.

ఇన్‌పుట్ మ్యాచింగ్‌లో, అంటే యాంటెనా వైపు ఇంపిడెన్స్‌ను ట్రాన్సిస్టర్‌కు కుదర్చడంలో, చాలామంది పొరబడేది ఒకటుంది. గరిష్ఠ గెయిన్ ఇచ్చే ఇంపిడెన్స్, కనిష్ఠ నాయిస్ ఇచ్చే ఇంపిడెన్స్ సాధారణంగా ఒకటి కావు. డేటాషీట్‌లోని గామా ఆప్ట్ (కనిష్ఠ నాయిస్ ఇచ్చే విలువ) వైపే మొగ్గండి, కొంచెం గెయిన్ పోయినా పర్వాలేదు. ట్రాన్సిస్టర్ సోర్స్ కాలికి చిన్న ఇండక్టెన్స్ కలిపితే ఆ రెండు ఇంపిడెన్స్‌లూ దగ్గరవుతాయి, మరీ ఎక్కువైతే మాత్రం పై ఫ్రీక్వెన్సీల్లో ఆసిలేషన్ (ఆంప్లిఫయర్ తానే సిగ్నల్ పుట్టించడం) మొదలవుతుంది. అందుకే స్టెబిలిటీని 1420 దగ్గరే కాకుండా, ట్రాన్సిస్టర్‌కు గెయిన్ ఉన్న రేంజ్ మొత్తంలో సిమ్యులేట్ చేయండి. స్థిరత్వం కోసం రెసిస్టర్ అవసరమైతే అవుట్‌పుట్ వైపే వేయండి, ఇన్‌పుట్‌లో వేస్తే దాని నాయిస్ నేరుగా కలుస్తుంది.

ఇన్‌పుట్ ఇండక్టర్ హై క్యూ (తక్కువ నష్టమున్న) రకం తీసుకోండి, ట్రేస్ పొట్టిగా ఉంచండి, గ్రౌండ్ వయాలు (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రాలు) సోర్స్ కాళ్లకు ఆనుకునే వేయండి.

ఫిల్టర్ ఎల్‌ఎన్‌ఏ తర్వాతే, ముందు పెడితే దాని నష్టం కూడా కేబుల్ నష్టంలాగే నాయిస్ ఫిగర్‌ను పెంచుతుంది. పక్కనే మొబైల్ టవర్ ఉండి మొదటి స్టేజే సాచురేట్ అవుతుంటే (బలమైన సిగ్నల్‌ను తట్టుకోలేకపోతుంటే) మాత్రం, తక్కువ నష్టమున్న క్యావిటీ ఫిల్టర్‌ను ముందు పెట్టక తప్పదు.