పల్లెటూరి ఇంట్లో పొయ్యి ఖర్చు ఎంతో లెక్క తేల్చుకోవడం ఎలా

సిలిండర్ వచ్చిన రోజు డబ్బులిచ్చేస్తాం, అయిపోయిన రోజు "అదేంటి అప్పుడే అయిపోయిందా" అనుకుంటాం, ఈ రెండిటి మధ్యలో గ్యాస్ ఎటు పోయిందో ఎవరూ చూడం. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు, ఇంట్లో అయిదుగురం. పోయిన ధనుర్మాసంలో సిలిండర్ 27 రోజులకే ఖాళీ అయిపోతుంటే అమ్మ "లీకవుతుందేమోరా" అని భయపడింది, సబ్బు నురగ పెట్టి చూస్తే లీకేమీ లేదు. అప్పుడు మొదలెట్టాను ఈ లెక్క.

మొట్టమొదట సిలిండర్ తూకం వెయ్యండి. పిడి కింద రింగు మీద ఖాళీ బరువు రాసుంటుంది, 15 కిలోలో 16 కిలోలో అలా, ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. మొత్తం బరువులోంచి అది తీసేస్తే 14.2 కిలోలు రావాలి. డెలివరీ అబ్బాయి దగ్గర కాటా ఉండాలి, అడిగితే తూచి చూపించాలి, మొహమాటపడకండి, నాకు ఒకసారి కిలో పైన తక్కువొచ్చింది, అడిగితే అక్కడికక్కడే మార్చిచ్చారు. తర్వాత ఇంట్లో రోజూ రాత్రి వంటయ్యాక తూచి కేలండర్ మీద రాసుకోండి. కొబ్బరికాయల దగ్గరో రొయ్యల చెరువు దగ్గరో వాడే తగిలించే కాటా ఒకటి ఎవర్నడిగినా ఇస్తారు. తూచేముందు రెగ్యులేటర్ ఆపేసి తీసి తూచండి, లేకపోతే ట్యూబు బరువు కూడా కలిసి లెక్క తప్పుతుంది.

వారం రోజులు రాశాక చూస్తే మా ఇంట్లో రోజుకి 520 గ్రాములు. వంట మీద అనుమానం రాలేదు, ఎందుకంటే అన్నం, కూర, పప్పుకి అంత పోదు. తేడా అంతా తెల్లవారుజామున స్నానాల నీళ్ళది! లెక్క ఇది. చలికాలం బోరు నీళ్ళు 25 డిగ్రీలనుకోండి, మనకి కావాల్సింది 42. ఒక్క 20 లీటర్ల బకెట్‌కి అయ్యే వేడి కరెంటు యూనిట్లలో చెప్తే 0.4 యూనిట్, అయిదుగురికి 2 యూనిట్లు. గ్యాస్ స్టవ్ మంటలో మూడో వంతు పైన గాల్లోకే పోతుంది కాబట్టి అదే రోజుకి దాదాపు 240 గ్రాముల గ్యాస్, నెలకి ఏడు కిలోలు. అంటే సగం సిలిండర్ స్నానాల గదిలో పోస్తున్నాం అన్నమాట. నీళ్ళు గ్యాస్ మీంచి తీసేశాక మా తూకం రోజుకి 290 గ్రాములకి దిగింది, 27 రోజుల సిలిండర్ 49 రోజులు వచ్చింది. ఇంక లీకు మాటే లేదు.

ఇప్పుడు ఏది చవకో పోల్చాలంటే సిలిండర్ రేటు, కరెంటు రేటు పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు, గిన్నెలోకి దిగిన వేడికి ఎంతయిందో చూడాలి. 14.2 కిలోల గ్యాస్‌లో దాదాపు 180 యూనిట్ల వేడి ఉంటుంది, మంచి స్టవ్ మీద అందులో 65 శాతం గిన్నెకి వస్తుందనుకుంటే 118 యూనిట్లు. లెక్క సులువుగా ఉంటుందని సిలిండర్ 900 అనుకుందాం, అప్పుడు పనికొచ్చే ఒక్కో యూనిట్ వేడికి 7 రూపాయల 60 పైసలు పడింది. ఈ 7.60 గుర్తుంచుకోండి, మిగతావన్నీ దీంతోనే పోల్చాలి. మీ సిలిండర్ రేటు వేరే అయితే దాన్ని 118తో భాగించుకోండి.

ఇండక్షన్ స్టవ్‌లో దాదాపు 85 శాతం వేడి గిన్నెకి దిగుతుంది. మన ఆంధ్రాలో 2022లో పెట్టిన కరెంటు శ్లాబుల్లో నెలకి 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75, సర్దుబాటు చార్జీలు వేరే. మీ తాజా బిల్లు ఒకసారి చూసుకోండి. 6 రూపాయల శ్లాబులో ఉన్నంతకాలం గిన్నెకి చేరిన యూనిట్ 7.05 పడుతుంది కాబట్టి గ్యాస్ కంటే కొంచెం మేలు, 4.50లో అయితే 5.30, బాగా మేలు, కానీ 225 దాటాక 10 రూపాయల పైనే, అప్పుడు శుద్ధ నష్టం. అందుకే మేం చలికాలం ఇండక్షన్ వాడతాం, ఏసీ వేసే ఏప్రిల్, మే నెలల్లో దాని జోలికెళ్ళం. ఇంకోటి, మన సత్తు గిన్నెలు దీనిమీద పనిచెయ్యవు, కొనేముందు అయస్కాంతం తీసుకెళ్ళి గిన్నె అడుక్కి అంటుకుంటుందో లేదో చూడండి. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో మాత్రం పెట్టకండి.

ఆంధ్రా ప్రభుత్వం ఉచిత సిలిండర్ల పథకం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బులు తిరిగి వస్తున్నవాళ్ళకి లెక్క మారిపోతుంది. నాలుగు నెలలకొకటి చొప్పున, ముందు మనం కట్టాలి, తర్వాత అకౌంట్లో పడతాయి. ఏడాదికి ఆరు వాడే ఇంటికి సగటున సిలిండర్ సగం రేటుకే పడినట్టు, ఇంక వాళ్ళకి గ్యాస్‌ని మించింది లేదు. ఆ నాలుగు నెలల్లో బుక్ చేసుకోకపోతే ఆ సిలిండర్ పోయినట్టే, పడిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి.

కట్టెల సంగతి. చాలామంది "కట్టెలకేంటి, ఊరికే వస్తాయి" అంటారు, నేను ఒప్పుకోను. మూడు రాళ్ళ పొయ్యి మీద వేడిలో నూటికి పన్నెండు వంతులే గిన్నెకి చేరుతుంది. కిలో ఎండు కట్టెలోంచి అర యూనిట్ దక్కుతుంది. అంటే సరుగుడు కర్ర కిలో 4 రూపాయలకంటే ఎక్కువ పెట్టి కొంటే గ్యాసే చవక! దొడ్లో కొబ్బరి చెట్లున్నవాళ్ళ సంగతి వేరు. చెట్టుకి నెలకొక మట్ట రాలుతుంది, మా దొడ్లో ఎండిన మట్ట ఆకుతో సహా తూస్తే రెండు కిలోలుంది. స్నానాల నీళ్ళకి రోజుకి నాలుగు కిలోలు కావాలి, కాబట్టి మా 20 చెట్ల మట్టలు పది రోజులకి సరిపోతాయి, మిగతా రోజులకి కొబ్బరి డొక్కలు (కాయ వలిస్తే వచ్చే పీచు తొక్కలు), చిప్పలు. డొక్కలు పీచు వాళ్ళు కొంటుంటే ఆ వచ్చే డబ్బులు కూడా ఖర్చులో రాసుకోవాలి, ఊరికే కాలుస్తున్నామనుకోకూడదు. పొయ్యికి గొట్టం పెట్టించి మూడు పక్కలా మట్టితో మూస్తే ఇందులో సగం పుల్లలు చాలు.

పొగ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. మా నాయనమ్మ దగ్గు నేను చిన్నప్పట్నుంచీ విన్నాను, వంటింట్లో గొట్టం లేని పొయ్యి దగ్గర కూర్చున్న దగ్గు అది. కాగు బయట, దొడ్లో, గాలి తగిలే చోటే.

పుల్లలు లేని ఇంట్లో స్నానాల నీళ్ళకి వాటర్ హీటర్ రాడ్ కూడా గ్యాస్ కంటే నయమే, నెలకి 60 యూనిట్లు, 6 రూపాయల శ్లాబులో 360, అదే నీళ్ళు గ్యాస్ మీద 450. స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే బకెట్ ముట్టుకోండి, పిల్లలుంటే అసలు వద్దు. కిరసనాయిలు స్టవ్ గురించి ఇంకా అడుగుతున్నారు, లీటరు 33 రూపాయల లోపు దొరికితేనే గ్యాస్‌తో సమానం, ఆ రోజులు పోయాయి. గోబర్ గ్యాస్ మంచిదే, కానీ రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజుకి 50 కిలోల పేడ కావాలి, నాలుగైదు పశువులుంటేనే ఆలోచించండి.

వంటలో మిగిలేది ఎక్కడంటే, మరిగాక మంట తగ్గించడంలో. నీళ్ళు మరిగాక మంట ఎంత పెంచినా వేడి 100 దాటదు, ఆవిరే ఎక్కువవుతుంది, మా పిన్నికి ఇది చెప్పి ఒప్పించడానికి నెల పట్టింది. కందిపప్పు గంట నానబెట్టండి, మూత పెట్టండి, మంట గిన్నె అడుగు దాటి పక్కకి రాకుండా చూసుకోండి. మంట నీలంగా కాకుండా పచ్చగా ఉండి గిన్నెలు మసిబారుతుంటే బర్నర్ తీసి కన్నాలు సూదితో పొడిచి, వేడి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి పెట్టండి. పది నిమిషాల పని.

పాలు మాత్రం మేం ఇప్పటికీ దాలిలోనే, అంటే పిడకల నిప్పు గుంటలోనే కాస్తాం. రెండు పిడకలు రాజేసి బూడిద కప్పి పొద్దున్న పెడితే సాయంత్రానికి ఎర్రటి మీగడ వేలు మందాన తేలుతుంది, గ్యాస్ మీద అన్ని గంటలు సన్న మంట పెడితే ఎంతవుతుందో మీరే తూచి చూడండి. పిడకలు, మట్టలు, డొక్కలు జూన్ వానలు పడకముందే అటక ఎక్కించెయ్యండి, తడిసిన డొక్క పొగే ఇస్తుంది. లంకల్లో ఉన్నవాళ్ళయితే జులైలోనే ఒక నిండు సిలిండర్ అదనంగా పెట్టుకోండి, గోదారి పొంగితే పడవ మీద సిలిండర్ రావడానికి ఎన్ని రోజులవుతుందో మీకు తెలియంది కాదు.