డచ్ సంగీతం మాటని విడగొట్టి చూడటం ఎలా

చెన్నైలో ఉంటూ ఓ పక్క కర్ణాటక సంగీతం క్లాసుకెళ్తూ ఇంకో పక్క డచ్ నేర్చుకునే మనవాళ్ళ కోసం ఇది. మాట పొడుగ్గా కనిపిస్తే కంగారుపడకండి, వెనకనుంచి విడగొట్టండి. సంగీతంలో స్కేల్‌కి, అంటే స్వరాల వరుసకి, డచ్‌లో వాడే ‘టోన్‌లాడర్’ తీసుకోండి, చివర్న ఉన్న లాడర్ అంటే నిచ్చెన, అసలు మాట అదే, ముందున్న టోన్ అంటే స్వరం, అది దేని నిచ్చెనో చెప్తుంది, మన వంటగదిలో గది ఎలాగో అలాగే.

తర్వాత ఒక్కో ముక్క పుట్టుక వెతకండి, ఎటిమాలజీబ్యాంక్ సైట్ ఫ్రీనే. లాడర్ సొంత జర్మానిక్ మాట, అంటే డచ్, జర్మన్, ఇంగ్లీష్ భాషల కుటుంబానిదే. టోన్ బయటినుంచి వచ్చింది, లాటిన్‌లో టోనుస్, దాని వెనక గ్రీకు టోనోస్, అంటే సాగదీసి బిగించడం, తంబురా శ్రుతి చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆపకుండా పక్క భాషలు కూడా చూడండి, అసలు మజా ఇక్కడే. జర్మన్‌లో టోన్‌లైటర్, అదీ నిచ్చెనే. ఇటాలియన్ స్కాలా అన్నా మెట్లు, నిచ్చెన అనే, ఇంగ్లీష్ స్కేల్ వచ్చింది కూడా లాటిన్ స్కాలా నుంచే. మన ఆరోహణ అంటే కూడా ఎక్కడమే కదా అని వాట్సాప్ గ్రూపులో ఇదంతా మనమే ఇచ్చామని వాదన మొదలెట్టకండి బాబూ, పోలిక వేరు చుట్టరికం వేరు.

ఇంకోటి, స్వరాలు రాసే గీతల్ని ‘నోటెన్‌బాల్క్’ అంటారు, బాల్క్ అంటే దూలం. ముందున్న నోటెన్ అంటే నోట్‌లు, డచ్ డిక్షనరీలో ఈ నోట్‌కి రెండు ఎంట్రీలుంటాయి, జీడిపప్పు, బాదం లాంటి గింజ ఒకటి, లాటిన్ నోటా నుంచి వచ్చిన సంగీతం నోట్ ఇంకోటి, మీరు రెండోది చూడాలి.