తుంటి ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్లను మొదటిసారి లేపేముందు

తిరుపతిలో బర్డ్‌లోనో రుయాలోనో ఆపరేషన్ అయిన అవ్వ మంచం పక్కన కూర్చున్నవాళ్లకు ఒకటే భయం: కదిపితే రాడ్డు జారిపోతుందేమోనని. పుత్తూరు కట్టు చూసి పెరిగిన ఊళ్లు మనవి, విరిగిన ఎముకను కదపకూడదన్న మాట నాటుకుపోయింది. కానీ విరిగిన తుంటికి రాడ్డు వేసేది, తొడ ఎముక పైకొసన ఉండే బంతి మార్చేది మనిషిని త్వరగా నిలబెట్టడానికే. డాక్టరు వద్దంటే తప్ప మర్నాడే లేపాలి. పడుకోబెట్టి ఉంచితేనే నెమ్ము, పడకపుండ్లు, కాలి నరంలో రక్తం గడ్డ, రాత్రిళ్లు పలవరింతలు మొదలవుతాయి. తొడ కండ రోజురోజుకీ కరిగిపోతుంది.

ముందు డాక్టరును రెండు సంగతులు అడగండి: ఆ కాలిమీద ఎంత బరువు మోపొచ్చు? బంతి మార్చారా, రాడ్డు వేశారా? బంతి మార్చి ఉంటే సాధారణంగా కాలిమీద కాలు వేయడం, బాసింపట్టు, తుంటికంటే మోకాలు పైకొచ్చేంత పల్లపు కుర్చీ కొన్ని వారాలు మానమంటారు.

నొప్పి మాత్ర వేసిన అరగంట, ముప్పావుగంటకు లేపండి. నొప్పి ఓర్చుకుని నిలబడ్డ మనిషి మర్నాడు లేవనంటే తప్పు వాళ్లది కాదు. అంతకుముందు పడుకునే పాదాలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించాలి. మోకాలితో పరుపును కిందకి నొక్కుతూ తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి, ఇదీ పదిసార్లు.

మంచం బ్రేకు వేసుందా చూడండి. యూరిన్ సంచి పొత్తికడుపుకంటే కిందే ఉండాలి. చీర కుచ్చిళ్లు చీలమండ పైకి దోపండి. కళ్లద్దాలు పెట్టండి. వెనక పట్టీలేని చెప్పులు వద్దు.

అసలు కష్టం కూర్చోబెట్టే దగ్గరుంది. కాళ్లు కిందకి వేలాడేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. ఒక్కసారిగా లేస్తే రక్తం కాళ్లలోకి దిగి బీపీ పడిపోతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. పడుకున్నప్పటికంటే పై బీపీ 20 తగ్గినా, చెమటలు పట్టినా పడుకోబెట్టి నర్సమ్మను పిలవండి. ఆయాసం, ఛాతీనొప్పి, ఒక పిక్క కొత్తగా వాచి నొప్పి పెట్టడం, ఆపరేషన్ కాలు హఠాత్తుగా పొట్టిగా, ఒక పక్కకు తిరిగి కనిపించడం ఉంటే నడిపించనే వద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

వాకర్ పట్టుకుని లాక్కుంటూ లేస్తే అది మీదికే తిరగబడుతుంది. చేతులతో పరుపును నొక్కి లేచాకే దాన్ని పట్టుకోవాలి. చేతులు వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరుండాలి. మొదటిసారి ఫిజియోథెరపిస్టో నర్సో పక్కనుండాల్సిందే. మీరు ఆపరేషన్ కాలి వైపు కాస్త వెనగ్గా నిలబడి మనిషిని పట్టుకోవడానికి నడుముకు కట్టే బెల్టును పట్టుకోండి. చంకలో చెయ్యేసి లాగితే భుజం దెబ్బతింటుంది. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆఖరున మంచి కాలు. తిరిగేటప్పుడు పాదం నేలకు నాటి నడుం మెలితిప్పకుండా చిన్న చిన్న అడుగులు వేయించండి.

మొదటి రోజు కుర్చీదాకా వెళ్లినా చాలు. ఒకేసారి అలిసిపోయేదాకా నడిపించడం కంటే కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు మేలు. ఫిజియో వచ్చే ఆ కాసేపటితో సరిపెట్టొద్దు. అన్నం కుర్చీలో కూర్చునే తినిపించండి.

రాగిసంగటి మంచిదే, కానీ కండకు మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6. పప్పు, పెరుగు కూడా జతచేయండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగాకే.

డిశ్చార్జికి ముందే కమోడ్ కుర్చీ తెచ్చి ఇంట్లో పెట్టండి. నేలమట్టం దొడ్డిలో గొంతుకూర్చోవడం ఇప్పట్లో కుదరదు.